పత్తి ఏరే కాలం, పులి తిరిగే కాలం

(కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లా కాగజ్‌నగర్ ప్రాంతంలో పులి దాడుల గురించి ఊరూరా అవగాహన కార్యక్రమాలు నడపబోయే ఉపాధ్యాయులు, మహిళా సంఘాల సభ్యులు, గ్రామ యువకుల కోసం చేసిన శిక్షణ ప్రసంగం పాఠం)

అందరికీ నమస్కారం. బెజ్జూరు, దహెగాం, పెంచికల్‌పేట నుంచి పొద్దున్నే బయల్దేరి వచ్చారు. చేన్లలో పని వదులుకొని వచ్చిన వాళ్లూ ఉన్నారు. అందుకే సూటిగా విషయంలోకి వెళ్తాను.

మీరంతా ఇప్పటికి రెండు మూడు అవగాహన సదస్సులు చూసే ఉంటారు. పులి మన జాతీయ జంతువు, పులి ఉంటే అడవి ఉంటుంది, అడవి ఉంటే వానలుంటాయి అని ఫ్లెక్సీ కట్టి చెప్తారు. అందులో అబద్ధం ఏమీ లేదు. కానీ రేపు పొద్దున పత్తి ఏరడానికి పోయే మనిషికి ఆ మాట పనికిరాదు. ఎన్ని గంటలకి పోవాలి, చేనులోకి ఎటు నుంచి దిగాలి, ఎంతమంది ఉండాలి, చంటిపిల్ల ఉయ్యాల ఎక్కడ కట్టాలి? ఆమెకి కావలసింది ఇవి. మీరు ఊళ్లో చెప్పాల్సినవీ ఇవే. అవగాహన అంటే పులి గురించి తెలియడం కన్నా ముందు, మన పని చేసుకునే తీరులో నాలుగు అలవాట్లు మార్చుకోవడం.

ముందు పులి ఎటు నుంచి వస్తున్నదో చూద్దాం. మనకి ఉత్తరాన మహారాష్ట్రలో, చంద్రపూర్ జిల్లాలో తాడోబా-అంధారి టైగర్ రిజర్వ్ ఉంది. 2022 లెక్కల్లో మహారాష్ట్ర మొత్తంలో 444 పులులు, తెలంగాణలో 21. మహారాష్ట్ర వైపు పులులకి జాగా చాలడం లేదు. పులి పిల్ల తల్లి దగ్గర రెండేళ్లు అటూ ఇటుగా ఉంటుంది. తర్వాత తన జాగా తాను వెతుక్కోవాలి. ముఖ్యంగా మగ పిల్లలు చాలా దూరం పోతాయి. అలా బయల్దేరినవే పెన్‌గంగ, వార్ధా, ప్రాణహిత దాటి మన వైపు వస్తున్నాయి. జన్నారం వైపున్న కవ్వాల్ అడవి 2012లో టైగర్ రిజర్వ్ అయింది. కోర్ అంటే లోపలి అడవి, బఫర్ అంటే దాని చుట్టూ ఉన్న భాగం, రెండూ కలిపి రెండు వేల చదరపు కిలోమీటర్ల పైమాటే. అయితే ఆ అడవికి చేరాలంటే మన చేన్లు, మన రోడ్లు, రైలు పట్టాలు దాటాలి. కారిడార్ అని అధికారులు అనేది ఈ దారినే. కొన్ని పులులు దారిలోనే కాగజ్‌నగర్ అడవుల్లో నిలబడి పిల్లల్ని కూడా పెట్టాయి. కాబట్టి ఇది ఒక్క ఏడాదితో పోయే సంగతి కాదు. ఒక పులిని పట్టుకుపోతే ఆ జాగాలోకి ఇంకొకటి వస్తుంది.

ఇప్పుడు మన దగ్గర పులి దాడులు జరిగిన కొన్ని తేదీలు చెప్తాను, మీ పుస్తకాల్లో రాసుకోండి. 2020 నవంబర్ 11న దహెగాం మండలం దిగిడలో ఒక యువకుడు చనిపోయాడు. అదే నెలాఖరులో పెంచికల్‌పేట మండలం కొండపల్లిలో పత్తి చేనుకు పోయిన అమ్మాయి పులి బారిన పడింది. 2022 నవంబర్‌లో వాంకిడి మండలంలో ఒక పెద్ద వయసు రైతు. 2024 నవంబర్ 29న కాగజ్‌నగర్ మండలం గన్నారం దగ్గర పత్తి ఏరుతున్న యువతి. ఆ మరుసటి రోజే సిర్పూర్-టి మండలం దుబ్బగూడలో రైతు మీద దాడి, ఆయన బతికి బయటపడ్డారు. నెల చూడండి. అన్నీ నవంబరే. ఎక్కువ చోట్ల జాగా కూడా ఒక్కటే, పత్తి చేను.

దీనికి మూడు కారణాలు ఒకేసారి కలుస్తున్నాయి. చలికాలంలో పులుల తిరుగుడు, జత కోసం వెతుకులాట ఎక్కువగా ఉంటుంది. 2024లో అదే కాలంలో కిన్వట్ వైపు నుంచి వచ్చి ఆదిలాబాద్, నిర్మల్ జిల్లాలు చుట్టబెట్టిన మగపులి మీకు గుర్తుండే ఉంటుంది, పేపర్లన్నీ జానీ అని రాశాయి. రెండోది, అప్పటికి పత్తి నడుము దాటి ఛాతీ దాకా పెరిగి ఉంటుంది. అడవిపందులు అందులోనే పడుకుంటాయి, వాటి వెనక పులీ వస్తుంది. మూడోది మన ఒళ్లు వంగడం. నిలబడ్డ మనిషి పులికి తెలిసిన ఆహారం కాదు. నడుము వంచి, తల కిందికి పెట్టి, తెల్లని పత్తి మీదే చూపు నిలిపి ఏరుతున్న మనిషి మాత్రం వెనక నుంచి చూస్తే దుప్పి ఎత్తులోకి వస్తాడు, నాలుగు కాళ్ల జంతువులా కనపడతాడు. చెంబు పట్టుకొని బయటికి పోయి కూర్చున్న మనిషీ అంతే. కట్టెలు ఏరేవాళ్లూ, ఎండాకాలంలో వేకువనే ఇప్పపువ్వు ఏరేవాళ్లూ, తునికాకు తెంపేవాళ్లూ అంతే. పులి దాదాపు ఎప్పుడూ వెనక నుంచో పక్క నుంచో వచ్చి మెడ పట్టుకుంటుంది. మీరు చెప్పబోయే జాగ్రత్తలన్నీ ఈ ఒక్క విషయం నుంచి పుట్టినవే.

ఇక చేను సంగతి. దీని మీద ఎక్కువసేపు ఉంటాను, ఎందుకంటే ప్రాణాలు పోతున్నది ఇక్కడ.

పొద్దున పదింటికి దిగండి, సాయంత్రం నాలుగింటికి ఎక్కండి అని అటవీ శాఖ చెప్తున్నది. ఊళ్లో ఎవరూ వినడం లేదు. ఎందుకు వినరు? పత్తి ఏరే కూలి కిలో లెక్క. రెండు గంటలు తగ్గితే అన్ని కిలోలు తగ్గుతాయి, ఆ మేరకు ఇంట్లో బియ్యం తగ్గుతాయి. ఆమెని భయపెట్టి లాభం లేదు. చేను రైతుతో మాట్లాడాలి. ఆయనకి చెప్పగలిగిన గట్టి మాట ఒకటి ఉంది. తెల్లారి మంచులో ఏరిన పత్తి తడిగా ఉంటుంది. పత్తి కొనే ప్రభుత్వ సంస్థ సీసీఐ వాళ్లు తేమ 8 శాతం దాటితే ధర కోస్తారు, 12 దాటితే కొనరు. మంచు ఆరాక ఏరితే తేమ తగ్గుతుంది, కాంటా దగ్గర కోత తగ్గుతుంది. రైతుకి ఆ లెక్క తెలుసు, మనం గుర్తు చేయాలంతే. పులి కోసం ఆలస్యంగా దిగమంటే ఒప్పుకోని రైతు తేమ కోసం ఒప్పుకుంటాడు. ఏ కారణంతో ఒప్పుకున్నా మనకి కావలసింది పది గంటలు.

చేనులోకి ఎప్పుడూ ఊరి వైపు నుంచే దిగాలి. దిగే ముందు గట్టు మీద నిలబడి ఐదు నిమిషాలు చప్పుడు చేయండి. డప్పు ఉంటే డప్పు, లేకపోతే పళ్లెం, ఖాళీ డబ్బా. ఆ తర్వాత ఇంకో పది నిమిషాలు ఆగండి. లోపల ఏదైనా పడుకొని ఉంటే అడవి వైపు లేచిపోవడానికి ఆ పది నిమిషాలు. ఇక్కడ జరిగే పెద్ద తప్పు ఒకటుంది. యువకులు ఉత్సాహం కొద్దీ చేను చుట్టూ తిరిగి నాలుగు వైపులా అరుస్తారు, పటాకులు కాలుస్తారు. అప్పుడు పులికి పోయే దారి ఉండదు. దారి లేని పులి మనుషుల మధ్య నుంచే పోవాలని చూస్తుంది. అడవి వైపు ఎప్పుడూ ఖాళీగా వదలాలి.

ఆరుగురికి తక్కువైతే అడవి పక్క చేనులో ఏరడం వద్దు. ఐదుగురు ఏరుతారు, ఒకరు నిలబడతారు. ఏరేవాళ్లు పక్కపక్క సాళ్లలో, ఒకే దిక్కుకి, ఒకే వరసలో కదలాలి. మామూలు గొంతుతో మాట్లాడితే పక్క మనిషికి వినపడాలి. చురుగ్గా ఏరే మనిషి ముందుకు పోతుంది, కొత్త కోడలు వెనకబడుతుంది. ఆ వెనకబడ్డ మనిషికే ప్రమాదం. వరస తెగిందంటే ముందున్న వాళ్లు ఆగాలి. నిలబడ్డ మనిషి వరసకి వెనక ఉండి, వీపు వాళ్ల వైపు పెట్టి, అడవి వైపు చూడాలి. చేతిలో పొడుగు కర్ర, మెడలో విజిల్. అరగంటకోసారి మనిషి మారాలి, ఎందుకంటే అరగంట దాటితే కళ్లు ఫోన్ మీదికి పోతాయి.

మరి ఆ నిలబడ్డ మనిషి కూలి ఎవరు ఇస్తారు? ఏ కరపత్రంలోనూ ఈ ప్రశ్న ఉండదు, ఊళ్లో మాత్రం మొదట అడిగేది ఇదే. రెండు దారులున్నాయి. అందరూ ఏరినది ఒకే కాంటాలో వేసి ఆరు సమాన వాటాలు వేసుకోవడం ఒకటి. ఎక్కువ ఏరేవాళ్లు దీనికి ఒప్పుకోరు, అది న్యాయమే. కాపలా మనిషికి రైతు ఒక రోజు కైకిలి విడిగా ఇవ్వడం రెండోది. ఏ దారి అయినా చేనులోకి దిగకముందే, రైతు ఉండగానే, అందరి ముందూ ఖాయం చేయాలి. తర్వాత చూద్దాం అన్న చోట పదకొండింటికల్లా కాపలా మనిషి కూడా వంగి ఏరుతూ కనపడుతుంది.

చంటిపిల్లల ఉయ్యాల. చేను అంచున నీడ ఉంటుందని అడవి వైపు చెట్టుకి చీర ఉయ్యాల కడతారు. అది వద్దు. చేను మధ్యలోనో ఊరి వైపునో నాలుగు కర్రలు పాతి, కాపలా మనిషికి కనపడేలా కట్టాలి. అన్నాలు తినేటప్పుడు కూడా గుంపుగా, చుట్టూ ఇరవై ముప్పై అడుగులు బయలుగా ఉన్న చోట, ఒకరికొకరు ఎదురుగా కూర్చోండి. అప్పుడు ఒకరి వీపు ఇంకొకరికి కనపడుతుంది. బహిర్భూమికి ఇద్దరు కలిసి పోవాలి.

మాస్కుల గురించి అడుగుతారు. తల వెనక మనిషి ముఖం బొమ్మ పెట్టుకోవడం బెంగాల్ సుందర్‌బన్స్‌లో 1980లలో మొదలైంది. వెనక నుంచి వచ్చే పులికి మనిషి తననే చూస్తున్నట్టు అనిపించాలని ఆలోచన. మన జిల్లాలో కూడా 2024 దాడుల తర్వాత పంచారు. పెట్టుకోమని చెప్పండి, కానీ అదొక్కటే చాలని చెప్పకండి. ఎండకి చెమట పట్టి రబ్బరు జారుతుంది, మాస్కు మెడ మీదికి దిగుతుంది. దాని మీద కొంగు కప్పుకుంటే ఇక లేనట్టే. రబ్బరు బదులు రెండు గుడ్డ పట్టీలు కుట్టి, కొంగు కప్పుకున్నాక పైన కట్టుకోవాలి. వంగినప్పుడు ఆ ముఖం ఆకాశం వైపు చూస్తుంటుంది గనక అది కాపలా మనిషికి బదులు కాదు.

పత్తి అయిపోయాక కట్టె త్వరగా పీకించండి. ఎండిన కట్టె నిలబడి ఉన్నన్నాళ్లు పందులకి అదే ఇల్లు. అడవి వైపు గట్టు మీద పొదలు పదిహేను అడుగుల మేర కొట్టేస్తే కాపలా మనిషికి చూపు ఆనుతుంది.

ఇక గొడ్ల సంగతి. మనుషుల మీద దాడులు అరుదు, గొడ్ల మీద మాత్రం తరచూ జరుగుతాయి. ఇక్కడ మనం ఎలా నడుచుకున్నామన్న దాన్ని బట్టే ఊరికీ పులికీ మధ్య ముందు ముందు ఏం జరుగుతుందో తేలుతుంది.

గొడ్లని పొద్దుగూకే ముందే కొట్టంలోకి తోలాలి. తోలాక లెక్క పెట్టాలి. ఒకటి తగ్గింది అనుకోండి. ఆ రాత్రి గానీ, మరునాడు తెల్లవారుజామున గానీ ఒక్కడే వెతకడానికి పోవడం అన్నిటికన్నా ప్రమాదం. ఆ ఆవు చచ్చి ఉంటే పులి దాని పక్కనే ఉంటుంది. పులి ఒక పూటకి ఇరవై, ముప్పై కిలోల దాకా తింటుంది, మిగిలింది పొదల్లోకి లాగి దాస్తుంది, మూడు నాలుగు రోజులు తిరిగి తిరిగి వస్తుంది. కళేబరం దగ్గరికి పోయిన మనిషి దాని తిండిని గుంజుకునే మనిషి. ఎండ బాగా వచ్చాక, నలుగురైదుగురు, మన వైపు అడవి చూసుకునే అటవీ శాఖ బీట్ ఆఫీసర్‌కి ఫోన్ చేసి పోవాలి. కాకులు, గద్దలు మూగిన చోటు, కొండముచ్చులు చెట్టు మీద నుంచి కిందికి చూస్తూ ఆగకుండా అరిచే చోటు, మంద మేత ఆపి ఒకే వైపు చెవులు నిక్కించి చూసే చోటు కనపడితే అక్కడే ఆగి వెనక్కి రావాలి.

కళేబరం కనపడ్డాక తోలు తీయొద్దు, జరపొద్దు, పాతిపెట్టొద్దు. పరిహారం రాకుండా పోయేది చాలాసార్లు ఇక్కడే. చచ్చిన బర్రెని ఊళ్లోకి ఈడ్చుకొస్తే, చంపింది పులేనని చెప్పే గుర్తులన్నీ పోతాయి. మెడ మీద కోరల గాట్లు, ఈడ్చిన జాడ, చుట్టూ అడుగులు కావాలి. దూరం నుంచి ఫోటో తీయండి, అదే రోజు సమాచారం ఇవ్వండి, పంచనామా రాయించండి, పశువుల డాక్టర్ సర్టిఫికెట్ తీసుకోండి. ఆధార్ నకలు, బ్యాంకు పాస్‌బుక్ నకలు ప్రతి ఇంట్లో ముందే ఒక కవర్లో పెట్టి ఉంచమని చెప్పండి. దరఖాస్తు ఇచ్చినట్టు సంతకంతో రసీదు తీసుకోవాలి. మీ ఊళ్లో ఒక రిజిస్టర్ పెట్టండి: ఏ రోజు చచ్చింది, ఏ రోజు చెప్పారు, ఏ రోజు వచ్చి చూశారు, ఏ రోజు డబ్బు పడింది. ఆలస్యమైతే ఆ రిజిస్టర్ చూపించి అడగొచ్చు.

గొడ్డు పోయిన కోపం విషం దాకా పోతే ఏమవుతుందో మన అడవే చూసింది. 2024 జనవరిలో కాగజ్‌నగర్ అడవిలో కొద్ది రోజుల తేడాతో రెండు పులులు చనిపోయాయి. పశువు కళేబరానికి విషం పెట్టిన సంగతి బయటపడింది, అరెస్టులు జరిగాయి. విషం పెట్టిన కళేబరాన్ని పులి ఒక్కటే తినదు. ఊరి కుక్కలు, గద్దలు, నక్కలు తింటాయి, ఆ విషం వాగు నీళ్లలో కలుస్తుంది. కేసు వన్యప్రాణి చట్టం కింద, పులి మొదటి షెడ్యూల్ జంతువు, అంటే చట్టం అన్నిటికన్నా గట్టి రక్షణ ఇచ్చిన జాబితాలోది. ఈ మాట బెదిరింపుగా చెప్పకండి. ముందు పరిహారం ఎలా వస్తుందో చెప్పి, తర్వాత ఇది చెప్పండి. వరస తిరగబడితే మీ మాట ఎవరూ వినరు.

పందుల కోసం పెట్టే కరెంటు తీగ సంగతీ అంతే. ఆ తీగకి పులి పడుతుంది, పక్క చేను రైతు పడతాడు, రాత్రి మోటారు వేయడానికి పోయిన కొడుకు పడతాడు. తీగ పెట్టిన మనిషి ఎవరో ఊళ్లో అందరికీ తెలుసు. మహిళా సంఘం మీటింగ్‌లో ఆడవాళ్ల చేత మాట్లాడించండి. మగవాళ్లు చెప్పని పేర్లు అక్కడ బయటికి వస్తాయి.

అడుగులు గుర్తుపట్టడం నేర్పండి, బడిపిల్లలు చాలా తొందరగా పట్టేస్తారు. కుక్క అడుగులో, దుమ్ములగొండి అడుగులో గోళ్లు పడతాయి. పులి, చిరుత గోళ్లు లోపలికి ముడుచుకొని నడుస్తాయి, అందుకే వేళ్ల ముందు గోటి చుక్కలుండవు. వెనక మెత్త భాగం కింది అంచు మూడు ఉబ్బులుగా ఉంటుంది. పక్కన మీ నాలుగు వేళ్లు కలిపి పెట్టండి. దాదాపు అంతే వెడల్పుంటే చిరుత. బొటనవేలు కూడా చేర్చి అరచెయ్యంతా పట్టేటంత ఉంటే పెద్దపులి. అయితే పులి పిల్ల అడుగు చిరుతది లాగే ఉంటుంది, కాబట్టి చిన్నగా ఉందని నిర్భయంగా ఉండొద్దు. అడుగు పక్కన అగ్గిపెట్టె పెట్టి పై నుంచి ఫోటో తీసి, దాని మీద గంప గానీ బేసిన్ గానీ బోర్లించండి. మంద తొక్కినా, వాన పడినా జాడ పోదు. ఆ ఫోటో బీట్ ఆఫీసర్‌కి పంపండి, ఊరి గ్రూపులో పెట్టకండి. పులి ఎక్కడుందో అందరికీ చెప్పే ఫోటో వేటగాడికీ చెప్తుంది. పాత వీడియోలు, ఎక్కడివో వీడియోలు, ఇప్పుడు కంప్యూటర్‌తో తయారుచేసినవి కూడా తిరుగుతున్నాయి. తేదీ, చోటు, తీసిన మనిషి పేరు లేని వీడియో ముందుకు పంపొద్దని ఒక్క నియమం పెట్టండి.

పులి ఎదురుపడితే? పరుగెత్తొద్దు, వంగొద్దు, వీపు తిప్పొద్దు. ఈ మూడూ పిల్లల చేత పాటలా చెప్పించండి. ముఖం దాని వైపే ఉంచి, ఒక్కో అడుగు వెనక్కి వేస్తూ, చేతులు పైకెత్తి, గట్టిగా మాట్లాడుతూ పోవాలి. గుంపుగా ఉంటే దగ్గరికి చేరాలి, విడిపోవద్దు. పక్కన పిల్లలుంటే రెక్క పట్టుకొని లాక్కోవాలి, వంగి ఎత్తుకోవద్దు. రాయి తీయడానికి కూడా వంగొద్దు, అందుకే చేతిలో ముందే కర్ర ఉండాలి. ఒకరి మీద పడితే మిగతా వాళ్లు పారిపోకూడదు. అరుపులు, కర్రలు, డబ్బాల మోత అన్నీ ఒకేసారి. దుప్పి అయితే ఇలా తిరగబడదు, ఆ గడబిడకి పులి వదిలి పోయే అవకాశం ఉంది.

గాయపడ్డ మనిషిని వెంటనే ఊరి వైపు తేవాలి, 108కి ఫోన్ చేయాలి. రక్తం కారే చోట శుభ్రమైన గుడ్డ పెట్టి అరచేత్తో గట్టిగా అదిమి పట్టండి. గుడ్డ తడిస్తే తీయకుండా దాని మీదే ఇంకో గుడ్డ. మెడకి చుట్టూ బిగించి కట్టొద్దు, అదిమి పట్టడమే. పసుపు, కాఫీ పొడి, ఆకు పసరు పెట్టొద్దు. పైకి చిన్నగా కనపడే కోర గాయం లోపల లోతుగా ఉంటుంది, మురికంతా లోపలికి పోయి ఉంటుంది. కాబట్టి గీత పడినా ఆస్పత్రికి పోవాల్సిందే, ధనుర్వాతానికీ రేబిస్‌కీ సూది వేయించుకోవాల్సిందే.

ప్రాణం పోయిన ఇంటికి ఎక్స్‌గ్రేషియా 10 లక్షలు. కేంద్రం 2023 డిసెంబర్‌లో 5 లక్షల నుంచి పెంచింది. ఈ అంకె మీకు తెలిసి ఉండాలి, ఎందుకంటే అడుగుతారు. కానీ చావింటికి పోయినప్పుడు మీరు మొదట ఎత్తాల్సిన మాట అది కాదు.

దాడి జరిగిన తర్వాత మొదటి రెండు గంటలు చాలా ముఖ్యం. నాలుగైదు ఊళ్ల జనం వస్తారు, ఫోన్లు పైకెత్తి చేన్లలోకి దిగుతారు. పులి ఇంకా ఆ దగ్గర్లోనే ఉంటుంది. రెండో దాడి జరిగేది అప్పుడే. జనం గుమిగూడకుండా అధికారులు సెక్షన్ 163 పెట్టొచ్చు, పాత 144 అదే. కానీ పోలీసులు వచ్చేసరికి గంట పడుతుంది. ఆ గంట ఊరే చూసుకోవాలి. అందుకే ప్రతి ఊరికీ పది మంది జట్టు. చంద్రపూర్ వైపు ప్రైమరీ రెస్పాన్స్ టీములని, ఉత్తరప్రదేశ్ పీలీభీత్‌లో బాఘ్ మిత్రలని ఊరి వాళ్లతోనే ఇలాంటి జట్లు నడుస్తున్నాయి. మన జట్టులో ఒకరి పని ఫోన్ మాత్రమే. ఇద్దరు దారికి అడ్డంగా తాడు పట్టుకుంటారు. ఒకరు మైకు. ఇద్దరు పెద్దవాళ్లు చనిపోయిన వాళ్ల ఇంటి మనుషుల దగ్గర ఉండాలి, వాళ్లని అడవిలోకి పరుగెత్తనివ్వకూడదు. మిగిలిన వాళ్లు చుట్టుపక్కల చేన్లలో ఉన్నవాళ్లని వెనక్కి పిలవాలి. పులిని వెతకడం, తరమడం, చుట్టుముట్టడం ఈ జట్టు పని కానే కాదు. ఈ మాట యువకులకి మూడుసార్లు చెప్పండి. పులిని పట్టాలా వద్దా అన్నది వన్యప్రాణి చట్టం సెక్షన్ 11 కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ నిర్ణయం. రోడ్డు దాటుతూ కనపడినంత మాత్రాన పట్టుకోరు, మనుషులకి ముప్పని తేలాలి. ఊరికి ముందే ఇది తెలిసి ఉంటే, ఆ రోజు బీట్ ఆఫీసర్‌ని నిర్బంధించి గొడవ పడరు.

పులి పిల్లలు కనపడితే ఏం చేయాలో కూడా చెప్పండి. 2023 మార్చిలో నంద్యాల జిల్లా ఆత్మకూరు అటవీ డివిజన్‌లో పెద్దగుమ్మడాపురం దగ్గర నాలుగు పులి పిల్లలు ఊరి వాళ్లకి కనపడ్డాయి. కుక్కలు పీకుతాయని తీసి ఒక గదిలో పెట్టారు, మంచి మనసుతోనే. తల్లి కోసం అడవంతా గాలించారు, కలపడం కుదరలేదు. చివరికి నాలుగింటినీ తిరుపతి జూకి పంపారు. పిల్లల్ని కదిలించకుండా, ముట్టుకోకుండా, జనాన్ని దూరంగా ఆపి కబురు పెట్టడమే మనం చేయగలిగింది. తల్లి వేటకి పోయి ఉంటుంది, తిరిగి వస్తుంది. అది వచ్చేటప్పుడు మనం అక్కడ ఉండకూడదు.

ఇవన్నీ ఎప్పుడు, ఎక్కడ చెప్పాలి? సెప్టెంబర్‌లో ఒకసారి, పత్తి పగలకముందే. మార్చిలో ఇంకోసారి, ఇప్పపువ్వుకీ తునికాకుకీ ముందు. దాడి జరిగాక పెట్టే మీటింగ్‌లో ఎవరి చెవికీ ఏదీ ఎక్కదు. పాతిక మందికి మించకుండా, అరగంటకి మించకుండా. బడిలో, గోండుల పంచాయితీ జరిగే రాయి సెంటర్‌లో, అంగడి రోజు కాంటాల దగ్గర. కూలీలని ఆటోల్లో తెచ్చే మేస్త్రీలని మాత్రం మరవకండి. బయటి ఊళ్ల నుంచి వచ్చే వాళ్లకి ఏ చేను అడవి అంచున ఉందో కూడా తెలియదు. ఆటో దిగిన చోటే పది నిమిషాలు చెప్పాలి.

భాష చూసుకోండి. గూడేల్లో గోండిలో, కొలామీలో చెప్పగలిగిన మనిషి కావాలి, సరిహద్దు ఊళ్లలో మరాఠీ. నజ్రుల్‌నగర్, ఈస్గాం వైపు బెంగాలీ కుటుంబాలున్నాయి. తెలుగు కరపత్రం అక్కడ పొయ్యిలోకి పోతుంది.

ఒక గట్టి ప్రశ్న మిమ్మల్ని తప్పకుండా అడుగుతారు: పులి పేరు చెప్పి మా పోడు గుంజుకుంటారా? 2025 మేలో మన జిల్లా అడవిని కుమ్రం భీం కన్జర్వేషన్ రిజర్వ్‌గా, అంటే పులుల దారిని కాపాడే రక్షిత అడవిగా, ప్రకటిస్తూ ప్రభుత్వం జీవో 49 ఇచ్చింది, ఆదివాసీ సంఘాలు వ్యతిరేకించాయి, జూలైలో ప్రభుత్వం దాన్ని నిలిపివేసింది. ఆ భయం ఊహ కాదు, దాన్ని కొట్టిపారేయకండి. మీ చేతిలో లేని హామీ కూడా ఇవ్వకండి. భూమి మాట తేల్చేది గ్రామసభ, ప్రభుత్వం. మనం వచ్చింది రేపు చేనులోకి పోయే మనిషి సాయంత్రం ఇంటికి రావడానికి. ఇంతవరకే చెప్పి, వాళ్లు మాట్లాడుతుంటే వినండి. గొడ్డు పోగొట్టుకున్న మనిషితో మొదట మాట్లాడించి, మీరు తర్వాత మొదలుపెట్టండి. పులి తిరుగుతున్నదని తెలిసి కూడా, జనం భయపడతారని దాచకండి. ఒక్కసారి దాచి దొరికిపోతే ఆ ఊళ్లో మళ్లీ ఎవరూ మన మాట నమ్మరు.

చెప్పి వచ్చాక వారానికి తిరిగి పోయి ముగ్గురిని అడగండి. నిన్న చేనులో కాపలా ఎవరు నిలబడ్డారు? ఆ కూలి ఎవరు ఇచ్చారు? బీట్ ఆఫీసర్ నంబర్ ఏ గోడ మీద రాసి ఉంది? రాయలేదంటే ఆ రోజే రంగు డబ్బా పట్టుకెళ్లి రాయండి.

ఇప్పుడు అందరం లేచి వెనక చేనులోకి పోదాం. ఆరుగురు ఆరుగురుగా జట్లు కట్టండి, ప్రతి జట్టుకీ ఒక కర్ర, ఒక విజిల్ అక్కడ గట్టు మీద పెట్టించాం. ఊరి వైపు నుంచి దిగుతాం, ముందు డప్పు. చెప్పులు గట్టిగా ఉన్నవే వేసుకోండి, కట్టె మొదళ్లు ఉన్నాయి.